భూభౌతిక పరిశోధన – పరికరాలు, ప్రభుత్వ నిధులు

భూమిని తవ్వకుండానే దాని లోపలి స్థితిగతులను కొలతల ద్వారా తెలుసుకొనే శాస్త్రం భూభౌతిక శాస్త్రం. భూకంప తరంగాలు, గురుత్వాకర్షణ, అయస్కాంత క్షేత్రం, రాళ్ల విద్యుత్ నిరోధకత, భూగర్భ ఉష్ణం దీనికి ప్రధాన ఆధారాలు. ఈ రంగంలో దేశంలోని ప్రధాన సంస్థలలో ఒకటైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్.జి.ఆర్.ఐ.) శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సి.ఎస్.ఐ.ఆర్.) ఆధ్వర్యంలో 1961లో హైదరాబాద్‌లో ఏర్పాటైంది. సునామీ హెచ్చరికలు జారీ చేసే కేంద్రం కూడా ఈ నగరంలోనే ఉన్నందున భూకంపం ఎక్కడ వచ్చినా విలేకరుల ఫోన్లు తరచుగా హైదరాబాద్‌కే వస్తాయి. ఆ సందర్భాలలో పత్రికా ప్రతినిధులకు, జిల్లా అధికారులకు ఉపయోగపడగల నేపథ్య సమాచారాన్ని ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

ఇతర ప్రభుత్వ నిర్మాణాలకు, భూభౌతిక పరికరాలకు మధ్య ముఖ్యమైన తేడా ఒకటి ఉన్నది. వంతెన ప్రారంభమైన రోజు నుంచే వాహనాలు నడుస్తాయి. భూకంప లేఖిని ఆ విధంగా ఫలితం ఇవ్వదు. అది ఇరవై, ముప్ఫై సంవత్సరాలు ఎడతెగకుండా పనిచేసి ఉంటేనే ఏదో ఒక రాత్రి వచ్చిన కొన్ని సెకన్ల ప్రకంపనకు అర్థం చెప్పగలుగుతుంది. మధ్యలో రెండేళ్లు నిధులు ఆగి పరికరం మూలపడితే, ఆ రెండేళ్ల నమోదును తర్వాత ఎంత డబ్బు వెచ్చించినా తిరిగి సంపాదించలేము. భూభౌతిక పరిశోధనకు ప్రజాధనం కేటాయింపు ఎప్పుడు, ఎంతకాలం అన్న ప్రశ్నకు ఇదే మూలం.

విపత్తు వెంట వచ్చిన పరికరాలు

మన దేశంలో ఈ శాస్త్రానికి నిధుల చరిత్ర చాలావరకు విపత్తుల చరిత్రే. 1897 జూన్ 12న షిల్లాంగ్ పీఠభూమిని కుదిపివేసిన మహా భూకంపాన్ని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన ఆర్.డి. ఓల్డ్‌హామ్ విపులంగా అధ్యయనం చేశారు. దూర దేశాలలోని పరికరాలు నమోదు చేసిన ఆ భూకంప తరంగాలను పరిశీలించి అవి మూడు రకాలని ఆయన గుర్తించారు. 1906లో భూమికి కేంద్రకం ఉన్నదని భూకంప తరంగాల ఆధారంగా వాదించిన వ్యక్తి కూడా ఆయనే. అంతటి భూకంపం సంభవించిన దేశంలో మాత్రం దానిని నమోదు చేసేందుకు సక్రమమైన కేంద్రం అప్పటికి లేదు. మరుసటి సంవత్సరం, 1898 డిసెంబరు 1న, కలకత్తాలోని ఆలీపూర్‌లో తొలి భూకంప పరిశీలన కేంద్రం ప్రారంభమైంది. దాని నిర్వహణను భారత వాతావరణ శాఖ చేపట్టింది.

1960వ దశకం ఆరంభంలో అమెరికా ప్రభుత్వం ఒకే ప్రమాణంలో తయారు చేసిన భూకంప లేఖినులను వంద పైచిలుకు కేంద్రాలలో నెలకొల్పింది. భారతదేశంలోని కొన్ని కేంద్రాలకు కూడా ఇవి అందాయి. భూగర్భంలో జరిపే అణు పరీక్షలను పసిగట్టడం ఈ వ్యయం వెనుక ఉన్న అసలు ఉద్దేశం. భూఫలకాల కదలికల సిద్ధాంతం నిలదొక్కుకోవడానికి అవసరమైన సమాచారంలో గణనీయ భాగం ఆ రక్షణ బడ్జెట్ నుంచే సమకూరడం విశేషం. హైదరాబాద్‌లోని భూకంప కేంద్రం 1989 నుంచి ఫ్రాన్స్ నిర్వహించే జియోస్కోప్ అంతర్జాతీయ వ్యవస్థలో భాగంగా పనిచేస్తూ వచ్చింది.

కోయనా అనుభవం

పరికరం ముందు ఉండటానికి, తర్వాత రావడానికి గల వ్యత్యాసాన్ని తెలుసుకోవాలంటే మహారాష్ట్రలోని రెండు భూకంపాలను పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిది కోయనా.

పశ్చిమ కనుమలలో కోయనా నదిపై నిర్మించిన 103 మీటర్ల ఎత్తైన ఆనకట్ట జలాశయంలో 1962 ప్రాంతంలో నీటిని నింపడం మొదలైంది. అనతికాలంలోనే పరిసర గ్రామాల ప్రజలు చిన్న చిన్న ప్రకంపనల గురించి చెప్పసాగారు. దక్కను పీఠభూమి భూకంపాలకు అతీతమైన స్థిర ప్రదేశమన్న నమ్మకం ఆనాడు బలంగా ఉండేది. అయినప్పటికీ అధికారులు ఈ ఫిర్యాదులను కొట్టిపారవేయకుండా జలాశయం చుట్టూ భూకంప కేంద్రాలను ఏర్పాటు చేయించారు. ఆనకట్ట లోపలి గ్యాలరీలో ప్రకంపన త్వరణాన్ని నమోదు చేసే ఆక్సిలరోగ్రాఫ్‌ను అమర్చారు.

1967 డిసెంబరు 11 తెల్లవారుజామున 4 గంటల 21 నిమిషాలకు 6.3 పరిమాణం గల భూకంపం సంభవించింది. సుమారు 200 మంది ప్రాణాలు కోల్పోయారు. కోయనానగర్‌లో ఇళ్లు కూలిపోయాయి, ఆనకట్టకు బీటలు పడినా అది నిలిచింది. గ్యాలరీలోని పరికరం ఆ కొన్ని సెకన్లలో జరిగినదంతా నమోదు చేసింది. ఆనకట్ట అక్షం దిశలో గరిష్ఠ త్వరణం గురుత్వ త్వరణంలో 63 శాతంగా తేలింది. ఆనకట్ట రూపకల్పనలో లెక్కలోకి తీసుకున్న భూకంప గుణకం 5 శాతమే. అంతరం ఎంతటిదో ఇంజనీర్లకు అంకెల రూపంలో తెలియవచ్చింది. తదనంతరం ఆనకట్టను అదనపు కట్టడాలతో బలోపేతం చేశారు. కోయనా నమోదు ప్రపంచవ్యాప్తంగా కాంక్రీటు ఆనకట్టల భూకంప విశ్లేషణలో ఒక ప్రామాణిక ఉదాహరణగా స్థిరపడింది. గ్యాలరీలో ఆ ఒక్క పెట్టె లేకపోయి ఉంటే మిగిలేవి బీటల ఛాయాచిత్రాలు మాత్రమే.

జలాశయంలో నీరు చేరడానికి, భూకంపాలకు గల సంబంధాన్ని ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు దశాబ్దాల తరబడి అధ్యయనం చేశారు. సంస్థకు 1992 నుంచి 2001 వరకు డైరెక్టర్‌గా వ్యవహరించిన డాక్టర్ హర్ష్ కె. గుప్తా, మరో శాస్త్రవేత్త బి.కె. రస్తోగితో కలిసి ఆనకట్టలు, భూకంపాలపై రచించిన గ్రంథం 1976లోనే వెలువడింది. జలాశయమే భూకంపాన్ని పుట్టిస్తుందని శాస్త్రవేత్తలు చెప్పడం లేదన్నది ఇక్కడ గమనార్హం. అప్పటికే ఒత్తిడి పేరుకుపోయి జారడానికి సిద్ధంగా ఉన్న పగులులోకి నీటి పీడనం చొచ్చుకుపోయి దానిని కొంత ముందుగా కదిలిస్తుంది. అందుకే దేశంలోని వేలాది జలాశయాలలో ఈ సమస్య కొన్నింటి వద్దనే కనిపిస్తుంది. ఈ తేడాను వదిలిపెట్టి రాసే వార్తలు ప్రతి ప్రాజెక్టు పరిసరాలలోను అనవసర భయాందోళనలకు దారితీస్తాయి.

కోయనా ప్రాంతంలో 1967 తర్వాత కూడా ప్రకంపనలు ఆగలేదు. దక్షిణాన వారణా జలాశయంలో 1985లో నీరు నింపడం మొదలైన తర్వాత భూకంపాల స్థానం ఆ వైపునకు కూడా విస్తరించింది. 5 లేదా అంతకు మించిన పరిమాణం గల భూకంపాలు 20కి పైగా, 4కు మించినవి దాదాపు 200 నమోదయ్యాయి. ఇవన్నీ సుమారు 30 కిలోమీటర్ల పొడవు, 20 కిలోమీటర్ల వెడల్పు గల చిన్న ప్రదేశానికే పరిమితం కావడం, ఎక్కువ భాగం 10 కిలోమీటర్ల లోతులోపే పుట్టడం శాస్త్రవేత్తల దృష్టిని ఆకర్షించింది. తరువాతి భూకంపం ఎప్పుడు వస్తుందో చెప్పలేకపోయినా, ఎక్కడ వస్తుందో ఇంత కచ్చితంగా తెలిసిన చోట్లు ప్రపంచంలో అరుదు. కనుక భూకంపం పుట్టే చోటికే పరికరాన్ని దింపాలన్న ఆలోచన రూపుదిద్దుకున్నది.

భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ నిధులతో, అంతర్జాతీయ ఖండాంతర్భాగ శాస్త్రీయ డ్రిల్లింగ్ కార్యక్రమం సహకారంతో ఈ పథకం చేపట్టబడింది. తొలుత సుమారు 1,500 మీటర్ల లోతు గల అన్వేషక బోర్లను తవ్వి వాటిలో కొన్నింటిలోకి భూకంప మాపకాలను దింపారు. ఉపరితలంపై వాహనాలు, గాలి, జనసంచారం కలిగించే అలజడి అంత లోతుకు చేరదు కాబట్టి అతి సూక్ష్మ ప్రకంపనలు కూడా స్పష్టంగా నమోదవుతాయి. రాసాటి వద్ద తవ్విన బోరులో దక్కను బసాల్టు శిలల మందం 932 మీటర్లని, దాని కింద అవక్షేప పొర ఏదీ లేకుండా నేరుగా గ్రానైటు జాతి శిలలే ఉన్నాయని తేలింది. 2016 డిసెంబరులో ప్రారంభించిన 3 కిలోమీటర్ల ప్రయోగాత్మక బోరు 2017 జూన్‌లో పూర్తయింది. ఈ పనుల కోసం మంత్రిత్వ శాఖ కరాడ్‌లో బోరుబావి భూభౌతిక పరిశోధన ప్రయోగశాలను నెలకొల్పింది. శిలా నమూనాలు, పీడనం, ఉష్ణోగ్రత, పగుళ్ల దిశ వంటి అంశాలపై అక్కడ అధ్యయనం జరుగుతున్నది.

లాతూరు: పరికరం లేని చోట

రెండవ ఉదాహరణ లాతూరు జిల్లా కిల్లారి. 1992 ఆగస్టు, అక్టోబరు నెలల మధ్య కిల్లారి ప్రజలు పలుమార్లు ప్రకంపనలను చవిచూశారు. కోయనాలో మాదిరిగా ఫిర్యాదులు వచ్చాయి. స్థానికంగా భూకంప కేంద్రం ఏదీ లేనందున ఆ ప్రకంపనలు ఏ పగులుపై, ఎంత లోతులో పుడుతున్నాయో తేల్చే అవకాశం లేకపోయింది. హైదరాబాద్ కేంద్రం అక్కడికి సుమారు 220 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. చిన్న ప్రకంపన లోతును అంత దూరం నుంచి నిర్ధారించడం సాధ్యం కాదు. కొద్ది నెలలకు ప్రకంపనలు తగ్గిపోయాయి, విషయం మరుగున పడింది.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3 గంటల 56 నిమిషాలకు 6.2 పరిమాణం గల భూకంపం కిల్లారి పరిసరాలను నేలమట్టం చేసింది. ముందటి రాత్రి వినాయక నిమజ్జనం ముగించుకొని జనం గాఢ నిద్రలో ఉన్నారు. మట్టి అడుసుతో పేర్చిన బరువైన రాతి గోడలు, వాటిపై మందపాటి మట్టి కప్పులు వారిపై కూలాయి. మృతుల సంఖ్య 10 వేలకు చేరువైంది. కోయనా కంటే కొంచెం చిన్న భూకంపం దాదాపు 50 రెట్లు ప్రాణనష్టం కలిగించడానికి జనసాంద్రత, ఇళ్ల నిర్మాణ తీరు ప్రధాన కారణాలు. ముందుగా పరికరాలు ఉన్నా భూకంపాన్ని ఆపగలిగేవి కావు, ఫలానా రోజున వస్తుందని చెప్పగలిగేవీ కావు. అయితే భారత ప్రమాణాల సంస్థ నాటి పటంలో ఆ ప్రాంతం అన్నింటికంటే తక్కువ ప్రమాదం గల ఒకటవ మండలంలో ఉన్నదన్న సంగతి మరువరాదు. కొలతలు లేని చోట పటంలో కనిపించిన భద్రత సమాచార లోపానికి మరొక పేరు మాత్రమే. 2002లో సవరించిన పటంలో ఒకటవ మండలాన్ని పూర్తిగా తొలగించి, లాతూరు ప్రాంతాన్ని మూడవ మండలంలో చేర్చారు.

భూకంపం తర్వాత నిధులు వచ్చాయి. ప్రపంచ బ్యాంకు సహాయంతో ద్వీపకల్ప భారతంలోని 10 వాతావరణ శాఖ కేంద్రాలను 1996–97 నాటికి అంతర్జాతీయ ప్రమాణాల డిజిటల్ కేంద్రాలుగా ఉన్నతీకరించారు. ఎన్.జి.ఆర్.ఐ. కిల్లారి వద్ద 617 మీటర్ల లోతు బోరు తవ్వి 338 మీటర్ల బసాల్టు, దాని కింద 8 మీటర్ల అవక్షేపం, ఆపైన ప్రాచీన శిలలు ఉన్నట్లు కనుగొన్నది. హైదరాబాద్‌లో 1995లో శాశ్వత జి.పి.ఎస్. కేంద్రం నెలకొల్పబడింది. భారత ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్య దిశగా కదులుతున్నదని చెప్పగలగడానికి ఇటువంటి కేంద్రాల ఏళ్ల తరబడి నమోదులే ఆధారం.

సునామీ హెచ్చరిక వ్యవస్థ

2004 డిసెంబరు 26 ఉదయం 6 గంటల 28 నిమిషాలకు సుమత్రా సమీపంలో భూకంపం సంభవించింది. ప్రధాన భూభాగపు తూర్పు తీరానికి అలలు చేరడానికి రెండు గంటలకు పైగా సమయం పట్టింది. భూకంపం వచ్చినట్లు పరికరాలు నమోదు చేశాయి. ఆ సమాచారాన్ని సముద్రపు లోతు లెక్కలతో జోడించి తీరంలోని మత్స్యకారుల గూడేలకు చేరవేసే వ్యవస్థ మాత్రం హిందూ మహాసముద్ర దేశాలలో దేనికీ లేదు. దేశంలో 10 వేల మందికి పైగా మరణించారు. అందులో ఆంధ్రప్రదేశ్ తీరానికి చెందిన వారు 100 మందికి పైగా ఉన్నారు.

హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) ప్రాంగణంలో 2007 అక్టోబరులో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది. దీనికి సుమారు రూ.125 కోట్లు వెచ్చించారు. బ్రాడ్‌బ్యాండ్ భూకంప కేంద్రాలు, తీరంలోని అలల మట్టం కొలిచే పరికరాలు, సముద్రపు అడుగున ఉంచే పీడన మాపకాలు ఇందులో భాగం. వేల మీటర్ల లోతున ఉన్న పీడన మాపకం తనపై ఉన్న నీటి మట్టంలో సుమారు ఒక సెంటీమీటరు తేడాను కూడా గుర్తించి, పైన తేలే బోయా ద్వారా ఉపగ్రహానికి తెలియజేస్తుంది.

దీని విలువ 2012 ఏప్రిల్ 11న వెల్లడైంది. సుమత్రా పశ్చిమాన 8.6 పరిమాణం గల భూకంపం రాగా తొలి సమాచారం 8 నిమిషాలలో జారీ అయింది. ఆనాటి పగుళ్లు పైకి కిందికి కాక పక్కకు జారినందున భారీ సునామీ పుట్టలేదు. సముద్రంలోని మాపకాల రీడింగులు దానిని ధ్రువీకరించాయి. హెచ్చరిక ఇవ్వడం ఎంత అవసరమో, అనవసరమైన హెచ్చరికను ఉపసంహరించడం అంత అవసరం. ఒకసారి ఉత్తపుణ్యానికి ఇల్లు వదిలి పరుగెత్తిన వారు రెండవసారి కదలరు.

ఈ బోయాలకు చేపల పడవలు, వలల వల్ల నష్టం కలుగుతున్న సంఘటనలు తరచుగా జరిగాయి. ప్రతి మరమ్మతుకు నౌకను నడిసముద్రానికి పంపవలసి ఉంటుంది. ప్రారంభోత్సవ శిలాఫలకంపై కనిపించే మొత్తం కంటే, ఏటేటా నౌక ప్రయాణానికయ్యే ఈ ఖర్చే వ్యవస్థను నిలబెట్టేది. దానికి శిలాఫలకం ఉండదు.

పరికరాలు, వాటి పరిసరాలు

గురుత్వ మాపకం లేదా గ్రావీమీటర్ భూమి ఆకర్షణలోని అతి స్వల్ప తేడాలను కొలుస్తుంది. కింద బరువైన శిల ఉంటే ఆకర్షణ కొద్దిగా పెరుగుతుంది, ఖాళీ లేదా తేలికైన శిల ఉంటే తగ్గుతుంది. పరికరాన్ని కేవలం 3 మిల్లీమీటర్లు పైకి లేపితే కలిగే మార్పును కూడా నేటి పరికరాలు పసిగట్టగలవు. మాగ్నెటోమీటర్ అయస్కాంత క్షేత్రాన్ని కొలిచి ఇనుప ఖనిజాలు, శిలల సరిహద్దుల జాడ తెలుపుతుంది. మాగ్నెటోటెల్లూరిక్ పద్ధతిలో ఆకాశంలో పుట్టే సహజ విద్యుదయస్కాంత అలజడిని ఆధారంగా తీసుకొని పదుల కిలోమీటర్ల లోతు వరకు శిలల విద్యుత్ స్వభావాన్ని అంచనా వేస్తారు. చమురు, సహజవాయువు అన్వేషణలో కృత్రిమ ప్రకంపనలు సృష్టించి ప్రతిధ్వనులను నమోదు చేస్తారు. కృష్ణా–గోదావరి బేసిన్‌లో 2006లో డ్రిల్లింగ్ ద్వారా నిర్ధారణ అయిన గ్యాస్ హైడ్రేట్ల జాడను ముందుగా సూచించినది ఇటువంటి ప్రతిధ్వనుల నమోదే.

ఎన్.జి.ఆర్.ఐ. ప్రాంగణంలోని అయస్కాంత పరిశీలన కేంద్రం 1964లో ప్రారంభమయ్యే నాటికి ఉప్పల్ రహదారి నగరానికి వెలుపల ఉండేది. భూ అయస్కాంత క్షేత్రం 40 వేల నానోటెస్లాల పైచిలుకు ఉండగా, శాస్త్రవేత్తలకు అందులో ఒక నానోటెస్లా మార్పు కూడా ముఖ్యమే. సమీపంలో లారీ ఒకటి వెళ్లినా ఆ అంకె చెదురుతుంది. నగరం విస్తరించి పరిసరాలు రద్దీగా మారడంతో ప్రశాంతమైన ప్రదేశం కోసం విజయవాడ రహదారిపై ఉన్న చౌటుప్పల్‌లో మరొక పరిశీలన కేంద్రాన్ని 2012 ప్రాంతంలో నెలకొల్పారు. జర్మనీకి చెందిన పోట్స్‌డామ్ భూవిజ్ఞాన పరిశోధన కేంద్రం ఇందుకు సహకరించింది. 2017 నవంబరులో ప్రారంభమైన హైదరాబాద్ మెట్రో మార్గంలోని ఒక స్టేషన్‌కు ఎన్.జి.ఆర్.ఐ. పేరు పెట్టారు. సంస్థకు ఇది గౌరవమే గాని, మాగ్నెటోమీటర్ దానిని ఆ దృష్టితో చూడదు.

పాత చోట, కొత్త చోట కొంతకాలం సమాంతరంగా కొలిస్తేనే దశాబ్దాల నమోదు తెగిపోకుండా కొనసాగుతుంది. ఒకే పనికి రెండు కేంద్రాలు ఎందుకన్న ఆడిట్ అభ్యంతరానికి సమాధానం ఇదే. పరిశీలన కేంద్రాల సమీపంలో భారీ నిర్మాణాలకు, క్వారీలకు, హైటెన్షన్ లైన్లకు అనుమతులిచ్చే సందర్భంలో జిల్లా యంత్రాంగం సంబంధిత సంస్థను సంప్రదించడం మంచిది.

భూగర్భ జలాల అన్వేషణ

సామాన్య రైతుకు భూభౌతిక శాస్త్రం పరిచయమయ్యేది బోరు వేసే సమయంలో. తెలంగాణ, రాయలసీమలలోని గట్టి రాతి నేలల్లో నీరు పైనున్న శిథిల శిలా పొరలో, దాని కింది పగుళ్లలో మాత్రమే ఉంటుంది. నేలలో నాలుగు ఇనుప కడ్డీలు పాతి విద్యుత్తు పంపి నిరోధకతను కొలిచే రెసిస్టివిటీ పద్ధతి ఇందుకు వాడుకలో ఉన్నది. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీటి జాడ చెప్పేవారి వద్దకు వెళ్లే రైతులు నేటికీ ఉన్నారు. బోరు విఫలమైతే అప్పు మిగిలేది రైతుకే. రెసిస్టివిటీ సర్వే కూడా నూటికి నూరుపాళ్లు హామీ ఇవ్వదు. అది నీటిని నేరుగా చూపదు, నీరు ఉండగల పొరను సూచిస్తుంది. తడి బంకమట్టి, ఉప్పునీరు కూడా దాదాపు అదే రీడింగు ఇవ్వగలవు కనుక స్థానిక భూగర్భ పరిజ్ఞానం తప్పనిసరి.

రంగారెడ్డి జిల్లా మహేశ్వరం పరీవాహక ప్రాంతంలోను, చౌటుప్పల్ ప్రయోగ క్షేత్రంలోను ఎన్.జి.ఆర్.ఐ. ఫ్రాన్స్ శాస్త్రవేత్తలతో కలిసి గట్టి రాతి నేలల్లో నీటి కదలికపై దీర్ఘకాలిక అధ్యయనాలు నిర్వహించింది. ఇక విశాల ప్రాంతాలకు హెలికాప్టర్ సర్వే అనువైనది. హెలికాప్టర్‌కు వేలాడదీసిన పెద్ద తీగ చట్రంలో విద్యుత్తును పంపి హఠాత్తుగా ఆపుతారు. దానివల్ల నేలలో పుట్టే ప్రవాహాలు క్షీణించే తీరును బట్టి కొన్ని వందల మీటర్ల లోతు వరకు పొరల పటం తయారవుతుంది. రాజస్థాన్, గుజరాత్, హర్యానా రాష్ట్రాలలోని సుమారు లక్ష చదరపు కిలోమీటర్లలో ఈ సర్వే కోసం కేంద్ర భూగర్భ జల మండలి, ఎన్.జి.ఆర్.ఐ. 2020 డిసెంబరులో ఒప్పందం చేసుకోగా, 2021 అక్టోబరులో జోధ్‌పూర్ నుంచి పని మొదలైంది.

నిధుల తీరుతెన్నులు

భూభౌతిక పరిశోధనకు కేంద్ర నిధులు ప్రధానంగా రెండు మార్గాలలో అందుతాయి. ఎన్.జి.ఆర్.ఐ. వంటి ప్రయోగశాలలకు సి.ఎస్.ఐ.ఆర్. ద్వారా వార్షిక గ్రాంటు లభిస్తుంది. భూకంప కేంద్రాలు, సముద్ర పరిశీలన, లోతైన బోర్లు 2006లో ఏర్పడిన భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ పరిధిలోనివి. ఈ శాఖకు చెందిన పథకాలను కలిపి రూపొందించిన ‘పృథ్వీ విజ్ఞాన్’ కార్యక్రమానికి 2021–26 కాలానికి రూ.4,797 కోట్ల వ్యయంతో కేంద్ర మంత్రివర్గం 2024 జనవరిలో ఆమోదం తెలిపింది. భూకంప శాస్త్రం అందులోని ఐదు ఉపపథకాలలో ఒకదాని కిందికి వస్తుంది. 2014లో 80గా ఉన్న జాతీయ భూకంప కేంద్రాల సంఖ్య 2025 ఫిబ్రవరి నాటికి 168కి పెరిగింది. మరోవైపు, అన్ని రంగాల పరిశోధనపై దేశం చేసిన మొత్తం వ్యయం 2020–21లో స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతమే.

కేటాయింపు అంకె ఒక్కటే చూస్తే అసలు ఇబ్బంది కనిపించదు. ఈ రంగంలోని సున్నితమైన పరికరాలలో చాలావరకు విదేశాల నుంచి వస్తాయి. పరిశోధన సంస్థలు కొనే శాస్త్రీయ పరికరాలపై 5 శాతంగా ఉన్న రాయితీ జి.ఎస్.టి. రేటును 2022 జూలైలో ఉపసంహరించడంతో పలు పరికరాలపై పన్ను 18 శాతానికి చేరింది. గ్రాంటు మొత్తం మాత్రం మారలేదు. కొనుగోలు నిబంధనలపై శాస్త్రవేత్తల విజ్ఞప్తుల నేపథ్యంలో 2025 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ కొన్ని సడలింపులు ఇచ్చింది. రూ.200 కోట్ల వరకు గ్లోబల్ టెండర్లను ఆమోదించే అధికారం సంస్థల అధిపతులకు దక్కింది. 2023 చట్టం ద్వారా ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ పోటీ పద్ధతిలో గ్రాంటులు ఇస్తుంది. అటువంటి గ్రాంటుకు ప్రారంభ తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. మూడేళ్ల ప్రాజెక్టు కింద నెలకొల్పిన భూకంప కేంద్రానికి నాలుగవ ఏట బ్యాటరీలు, కాపలాదారు జీతం, ఇంటర్నెట్ బిల్లు ఏ పద్దు నుంచి చెల్లించాలన్నది ముందుగానే నిర్ణయించకపోతే కేంద్రం కాగితంపైనే పనిచేస్తుంది. బడ్జెట్ వార్తలు రాసే విలేకరులు కొత్తగా ఎన్ని కేంద్రాలు మంజూరైనవన్న దానితో పాటు, గత సంవత్సరం ఎన్ని కేంద్రాలు ఎన్ని రోజులు పనిచేసినవన్న సమాచారాన్ని కూడా కోరవచ్చు.

తెలుగు రాష్ట్రాలలో ప్రకంపనలు

1967 మార్చి 27న ఒంగోలులో 5.4, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 పరిమాణం గల భూకంపాలు సంభవించాయి. 1983 జూన్ 30న మేడ్చల్ వద్ద వచ్చిన భూకంపం హైదరాబాద్ వాసులను ఇళ్ల నుంచి బయటకు రప్పించింది. 2020 జనవరిలో పులిచింతల జలాశయం సమీపాన చింతలపాలెం, మేళ్లచెర్వు మండలాలలో వరుసగా వచ్చిన ప్రకంపనలలో పెద్దదాని పరిమాణం 4.6. 2024 డిసెంబరు 4 ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో వచ్చిన 5.3 భూకంపం హైదరాబాద్, ఖమ్మం, విజయవాడలలోనూ తెలిసింది. భద్రాచలం, ములుగు భూకంపాల మధ్య 55 సంవత్సరాల విరామం ఉన్నది. రెండూ గోదావరి లోయలోనివే.

భూకంప వార్తల విషయంలో కొన్ని అంశాలను గుర్తించడం అవసరం. దేశంలో భూకంపాలను అధికారికంగా ప్రకటించే సంస్థ ఢిల్లీలోని జాతీయ భూకంప శాస్త్ర కేంద్రం. సునామీ సమాచారం ఇన్‌కాయిస్ జారీ చేస్తుంది. ఒకే భూకంపానికి వివిధ సంస్థలు 0.1 లేదా 0.2 తేడాతో అంకెలు ఇవ్వడం తప్పు కాదు. ఉపయోగించిన కేంద్రాలు, లెక్కించే పద్ధతి వేరు కావడమే ఇందుకు కారణం. తొలి నిమిషాల అంకె తర్వాత సవరణకు లోనవుతుంది. పరిమాణం ఒక అంకె పెరిగితే వెలువడే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. అందువల్ల 5, 6 పరిమాణాలను పక్కపక్క మెట్లుగా చిత్రించడం పాఠకులను తప్పుదారి పట్టిస్తుంది. ‘రిక్టర్ స్కేలు’ అన్న మాట వాడుకలో ఉన్నప్పటికీ పెద్ద భూకంపాలకు శాస్త్రవేత్తలు వాడేది మొమెంట్ మాగ్నిట్యూడ్ అనే వేరొక కొలమానం. పరిమాణం భూకంపానికి ఒకటే ఉంటుంది. ఒక్కొక్క ఊరిలో కలిగిన ప్రభావాన్ని సూచించే తీవ్రత మాత్రం దూరాన్ని, నేలను, ఇళ్ల నిర్మాణాన్ని బట్టి మారుతుంది.

ఫలానా తేదీన, ఫలానా ఊరిలో భూకంపం వస్తుందని ముందుగా చెప్పగల పద్ధతి ఏ దేశంలోనూ లేదు. అటువంటి ప్రకటనలు వాట్సాప్ ద్వారా ప్రచారంలోకి వచ్చినప్పుడు జిల్లా అధికారులు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ద్వారా ధ్రువీకరణ పొంది ఖండన జారీ చేయవలసి ఉంటుంది. ఒక గ్రామంలో పదేపదే ప్రకంపనలు, భూమి నుంచి శబ్దాలు వస్తున్నట్లు ప్రజలు తెలిపినప్పుడు వాటి తేదీ, సమయం, సర్వే నంబరు లేదా ఆవాసం పేరు, గోడల బీటల వివరాలను తహసీల్దారు కార్యాలయంలో రిజిస్టరులో నమోదు చేయించి సంబంధిత శాస్త్రీయ సంస్థకు పంపాలి. తాత్కాలిక భూకంప కేంద్రాలను ఎక్కడ అమర్చాలో నిర్ణయించడానికి ఆ రిజిస్టరే తొలి ఆధారం.